అరుదైన పుస్తకాలు, పాత అచ్చుకాగితాల సేకరణ: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

ఉత్తర కోస్తాలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో అచ్చయిన, లేదా ఈ ప్రాంతానికి సంబంధించిన పాత పుస్తకాలను, పత్రికా సంచికలను, కరపత్రాలు, పంచాంగాలు, పాటల పుస్తకాల వంటి చిల్లర ముద్రణలను వెతికి సమకూర్చి, వర్గీకరించి, భద్రపరచడం ఈ వ్యాస విషయం. 19వ శతాబ్దిలో ఇక్కడి సంస్థానాలు ఖరీదైన గ్రంథాల ముద్రణకు డబ్బిచ్చాయి. 20వ శతాబ్ది చివర శ్రీకాకుళంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు స్థాపించిన కథానిలయం పాత వార, మాస పత్రికలను సేకరణకు యోగ్యమైన వస్తువులుగా నిలబెట్టింది. ఈ ప్రాంతపు సేకరణ చరిత్ర ప్రధానంగా ఈ రెండు ధోరణుల మధ్య నడిచింది.

నిర్వచనం, పరిధి

సేకర్తల వాడుకలో అరుదైన పుస్తకం అంటే మిగిలిన ప్రతులు తక్కువగా ఉండి, వాటిని కోరేవారు ఉన్న పుస్తకం. వయసొక్కటే అరుదుదనాన్ని తేల్చదు. నూరేళ్ల నాటి పురాణ గ్రంథం పది ఇళ్లలో దొరకవచ్చు. యాభయ్యేళ్ల నాటి నాటక ప్రదర్శన కరపత్రం ఒక్కటీ దొరకకపోవచ్చు.

ఒక పూట, ఒక వారం, ఒక సంవత్సరం అవసరం కోసం అచ్చయి, ఆ పని తీరగానే పారవేసే కాగితాలను ఎఫెమెరా అంటారు. ముద్రణాలయాల వాళ్లు వీటిని జాబ్ వర్క్ అని వ్యవహరిస్తారు. శుభలేఖలు, సంతాప పత్రాలు, సభల ఆహ్వానాలు, సినిమా వాల్‌పోస్టర్లు, ఎన్నికల కరపత్రాలు, రసీదులు, టిక్కెట్లు, సరుకుల లేబుళ్లు ఈ కోవలోకి వస్తాయి. పత్రికా సంచికలు పుస్తకాలకూ వీటికీ నడుమ నిలుస్తాయి. తాళపత్రాలు, చేతిరాత ప్రతులు, శాసనాల నకళ్లు ముద్రణలు కావు కనుక ఈ వ్యాస పరిధిలో లేవు.

ప్రాంతం, పాత పేర్లు

సేకర్తకు పాలనా సరిహద్దుల చరిత్ర తెలిసి ఉండాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలో ఉండేది. తెలుగు ప్రాంతాలను విశాఖపట్నం జిల్లాలో కలిపి, పర్లాకిమిడిని ఒరిస్సాకు ఇచ్చారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. కాబట్టి శ్రీకాకుళం గురించిన పాత ప్రభుత్వ ముద్రణలు గ్రంథాలయ పట్టికల్లో తరచు గంజాం లేదా విశాఖపట్నం పేరు కింద ఉంటాయి.

ఆంగ్ల పుస్తకాల్లో, తపాలా ముద్రల్లో శ్రీకాకుళం 'చికాకోల్'గా కనిపిస్తుంది. విజయనగరం వర్ణక్రమం పుస్తకానికొక తీరుగా ఉంటుంది. కొన్నింటిలో హంపీ విజయనగరం వర్ణక్రమమే వాడడంతో పట్టికలు తయారుచేసేవారు రెంటినీ కలిపేసే ప్రమాదం ఉంది.

చరిత్ర

తొలి ముద్రణలు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ కృషితో వెలువడ్డాయి. ఉత్తర కోస్తాకు సంబంధించినంతవరకు ముద్రణ చరిత్ర విశాఖపట్నంతో మొదలవుతుంది. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషన్ ప్రచారకులు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ బైబిలు అనువాదం చేపట్టారు. వారి సువార్తల అనువాదం 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఈ తొలినాటి తెలుగు ముద్రణలు నేడు ఎక్కడ కనిపించినా అత్యంత అరుదైనవిగానే లెక్క.

సంస్థానాల పోషణ. విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు (1850–1897) ఆర్థిక సాయంతో మాక్స్ ముల్లర్ ఋగ్వేద సంహిత సాయణ భాష్యంతో రెండో కూర్పుగా 1890–92 మధ్య నాలుగు సంపుటాల్లో ఇంగ్లండులో వెలువడింది. విజయనగరం పేరుతోనే కాశీలో ఆర్థర్ వెనిస్ సంపాదకత్వాన ఒక సంస్కృత గ్రంథమాల 1890 నుంచి సాగింది. అంటే విజయనగరం డబ్బుతో అచ్చయిన పుస్తకాలను విజయనగరంలోనే వెతికితే చాలదు. కాశీ, ఆక్స్‌ఫర్డు ముద్రణలు కూడా ఈ సేకరణలో భాగాలే. బొబ్బిలి మహారాజు రాసిన 'అడ్వైస్ టు ది ఇండియన్ అరిస్టాక్రసీ' (1905), బొబ్బిలి జమీందారీ చరిత్ర విస్తృత కూర్పు (1907) ఇదే కాలపు సంస్థాన ముద్రణలు.

భాషోద్యమ కాలం. గురజాడ అప్పారావు (1862–1915) నాటకం 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. పూర్తిగా తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) 1913లో ఆధునిక తెలుగుపై ఆంగ్లంలో ఒక విజ్ఞాపన పుస్తకం వెలువరించారు. వాడుక భాషకు అనుకూలంగా గురజాడ రాసిన అసమ్మతి పత్రం 1914 నాటిది. గిడుగు నడిపిన 'తెలుగు' పత్రిక 1919–20లో కొంతకాలమే వెలువడింది. వాదోపవాదాల కోసం అచ్చయిన ఈ చిన్న పుస్తకాలు, స్వల్పకాలిక పత్రికల సంచికలు ఆనాడు చేతులు మారి అరిగిపోయాయి. ఇవాళ ఈ ప్రాంత సేకర్తలు ఎక్కువగా కోరేవాటిలో అవి ఉన్నాయి.

కథానిలయం. కాళీపట్నం రామారావు (1924–2021) శ్రీకాకుళం జిల్లా మురపాకకు చెందిన కథకుడు. విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పాఠకులు ఆయనను కారా మాస్టారు అంటారు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ సొమ్ముకు మరికొంత జోడించి శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. అది 1997 ఫిబ్రవరి 22న ప్రారంభమైంది. తెలుగు కథల్లో అత్యధిక భాగం పుస్తకాలకెక్కకుండా పత్రికల్లోనే ఉండిపోయిందన్న గమనిక ఈ సంస్థకు పునాది. రచయితలు, పాఠకులు, పాత సంచికలు దాచుకున్న కుటుంబాలు పంపిన ప్రతులతో ఇది పెరిగింది.

రకాలు

పుస్తకాలు. ప్రథమ ముద్రణలు, సంస్థాన ముద్రణలు, నిఘంటువులు, రచయిత స్వదస్తూరితో సంతకం చేసిన ప్రతులు ఇందులో ముఖ్యం. గిడుగు సవర భాషపై చేసిన కృషిలో సవర భాషా బోధిని (1931), ఇంగ్లీషు–సవర నిఘంటువు (1933), సవర–ఇంగ్లీషు నిఘంటువు (1938) మద్రాసు ప్రభుత్వ ముద్రణలుగా వచ్చాయి. విజయనగరం హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చిన గ్రంథం 1932 నాటిది.

ప్రభుత్వ ముద్రణలు. డి.ఎఫ్. కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ (1869), టి.జె. మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్ (1882), డబ్ల్యు. ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీరు (1907) ఈ ప్రాంత చరిత్రకు మూలాధారాలు. ఈనాటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సమాచారం ఈ మూడింటిలో పంచుకుని ఉంది.

పత్రికలు. 1924 జనవరిలో మొదలైన 'భారతి', ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, దీపావళి ప్రత్యేక సంచికలు, 1947 జూలైలో మొదలైన 'చందమామ' తెలుగు సేకర్తలందరూ వెతికేవి. ఒక్క సంచిక లోటు కూడా లేకుండా సంవత్సరం మొత్తం కూడితే దాన్ని పూర్తి సంపుటం అంటారు. విడి సంచికల మొత్తం వెల కంటే పూర్తి సంపుటం విలువ ఎక్కువ.

పాటల పుస్తకాలు. సినిమా హాలు దగ్గర అమ్మిన ఈ చిన్న పుస్తకాలు ఒకటి రెండు ఫారాలకు మించవు. పలుచని కాగితం, నడిమిన రెండు పిన్నులు, అట్ట మీద తారల బొమ్మలు. లోపల నటీనటుల పట్టిక, సాంకేతిక నిపుణుల పేర్లు, పాటలు, సగంలో ఆపిన కథాసారం ఉంటాయి. తక్కిన కథను వెండితెర మీద చూడమని చివర కోరతారు. ఫిల్ము ప్రతి నశించిన చిత్రాల విషయంలో తారాగణం వివరాలు తెలిసేది చాలాసార్లు వీటివల్లనే.

శుభలేఖలు, కరపత్రాలు. శుభలేఖలో రెండు కుటుంబాల పేర్లు, ఊళ్లు, వృత్తులు, ముహూర్తం, విడిది చిరునామా ఒక్క కాగితం మీద దొరుకుతాయి. నాలుగు మూలలా అద్దిన పసుపు మరకను సేకర్తలు లోపంగా చూడరు. ఆ ప్రతి నిజంగా పంచినదని అది చెబుతుంది. నాటక, హరికథ ప్రదర్శనల కరపత్రాలు స్థానిక రంగస్థల చరిత్రకు ఆధారాలు. 1967 తర్వాతి శ్రీకాకుళ గిరిజన పోరాట కాలపు రాజకీయ కరపత్రాలు వేరే వర్గం. వాటిని ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదంగా ఉన్న రోజులు కనుక పంచినవాటితో పోలిస్తే మిగిలినవి తక్కువ.

పంచాంగాలు. ఏడాది తిరగగానే అటకెక్కేవి, లేదా పొట్లాలకు పోయేవి. అంచుల్లో ఇంటివాళ్లు రాసుకున్న పుట్టుకలు, అప్పులు, వానల వివరాలు ఉన్న ప్రతులను చరిత్రకారులు ప్రత్యేకంగా కోరతారు.

కాల నిర్ణయం, గుర్తింపు

తేదీ లేని కాగితానికి వయసు కట్టడం సేకర్తకు అవసరమైన ప్రధాన నైపుణ్యం. సాధారణంగా చూసే గుర్తులు ఇవి.

వెల: 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. వెల '౦–౮–౦' అని ఉంటే ఎనిమిది అణాలు. 'నయాపైసలు' అని ఉంటే ఆ ముద్రణ 1957–1964 మధ్యది అయ్యే అవకాశం ఎక్కువ.

సంవత్సర నామం: తెలుగు సంవత్సరాల చక్రం అరవై ఏళ్లకు తిరిగి వస్తుంది. 'సౌమ్య' అంటే 1909–10 కావచ్చు, 1969–70 కావచ్చు. ముఖపత్రం చిరిగిన సౌమ్య సంవత్సర పంచాంగం వెల అణాల్లో ఉంటే మొదటిది, పైసల్లో ఉంటే రెండోది. సంవత్సరం ఉగాదికి మారుతుంది కనుక జనవరి నుంచి మార్చి వరకు వెలువడిన ముద్రణలకు క్రీస్తుశకం లెక్క ఒక అంకె ముందుకు జరుగుతుంది. శాలివాహన శకం ఇస్తే 78 కలపాలి.

చిరునామా: రాష్ట్రం పేరు మద్రాసు, ఆంధ్ర (1953 అక్టోబరు 1 నుంచి), ఆంధ్రప్రదేశ్ (1956 నవంబరు 1 నుంచి) అన్న క్రమంలో మారింది. పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది.

లిపి, ముద్రణ: అరసున్న, బండి ఱ, వలపలగిలక, తెలుగు అంకెల వాడకం పాతదనానికి సూచనలే కానీ నిర్ధారణలు కావు. సీసపు అక్షరాల అచ్చులో కాగితం వెనకవైపు తడిమితే అక్షరాల ఒత్తిడి తెలుస్తుంది. ఆఫ్‌సెట్ అచ్చులో వెనకవైపు నున్నగా ఉంటుంది.

ముద్రాపకుని పేరు: 1867 నాటి పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ముద్రణాలయం పేరు, ఊరు అచ్చు వేయాల్సి ఉండేది. కరపత్రం అడుగున సన్నని అక్షరాల్లో ఉండే ఈ వరుస ద్వారా ఏ పట్టణంలో ఏ ప్రెస్సు ఏ కాలంలో పనిచేసిందో కూర్చవచ్చు.

కూర్పుల తేడా: ఒక ఉదాహరణ

పాత ముద్రణ ఎందుకు కావాలన్న ప్రశ్నకు 'కన్యాశుల్కం' సమాధానం ఇస్తుంది. 1897 నాటి నాటకం ఐదు అంకాలది. 1909 నాటిది ఏడు అంకాలది. పాఠకులకు, ప్రేక్షకులకు తెలిసినది రెండోదే. మొదటి కూర్పు ప్రతులు దాదాపు కనుమరుగైన దశలో పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో దాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాతే రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి చదివే వీలు విస్తృతంగా ఏర్పడింది.

పత్రికల విషయంలోనూ ఇదే పరిస్థితి. గురజాడ 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. ఆ పాఠానికీ తర్వాతి సంపుటాల్లో వ్యాప్తిలోకి వచ్చిన పాఠానికీ భాషలో తేడాలున్నాయి. రచయిత భాషపై చర్చ చేసేవారికి సంపుటం చాలదు, పత్రిక సంచిక కావాలి.

సేకరణ విధానం

పాత కాగితాలు ప్రధానంగా మూడు దారుల్లో వస్తాయి. మొదటిది కుటుంబ సంచయాలు. ఇల్లు పడగొట్టినప్పుడో, పెద్దవారు పోయినప్పుడో అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి. రెండోది తూకానికి కొనే పాత కాగితాల దుకాణాలు. ఇక్కడ వెల కిలోలెక్కన ఉంటుంది, వ్యవధి తక్కువ. సరుకు గుజ్జు మిల్లుకు పోకముందే చూసుకోవాలి. మూడోది పెద్ద నగరాల పాత పుస్తకాల బజార్లు. తెలుగు పుస్తకాలకు ఒకప్పుడు పేరున్న మద్రాసు మూర్ మార్కెట్ 1985లో అగ్నిప్రమాదానికి గురైంది. హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారపు ఫుట్‌పాత్ బజారు కొనసాగుతోంది.

అనుభవం ఉన్న సేకర్త ఒక విషయానికి, ఒక ఊరికి, లేదా ఒక రచయితకు పరిమితమవుతాడు. ప్రతి కాగితానికి వరుస సంఖ్య, దొరికిన చోటు, తేదీ, ఇచ్చినవారి వివరం, కొలతలు, లోపాలు రాసుకుంటాడు. దొరికిన చోటు తెలియని కరపత్రం సగం సాక్ష్యమే.

కథానిలయం పద్ధతిలో లెక్కకు తీసుకునే ప్రమాణం పుస్తకం కాదు, కథ. ఒక వారపత్రికలో రెండు కథలుంటే పట్టికలో రెండు నమోదులు పడతాయి. రచయిత, కథ పేరు, పత్రిక, సంచిక తేదీ ఈ నమోదులో ఉంటాయి. పత్రిక పేరు, తేదీ లేకుండా చింపి దాచుకున్న పుటలు చేరినప్పుడు వెనకవైపున్న ప్రకటనలు, సీరియల్ భాగం సంఖ్య వంటివి సంచికను పట్టుకునే ఆధారాలవుతాయి.

విలువ నిర్ణయం

వెలను తేల్చేవి అరుదుదనం, స్థితి, సంపూర్ణత, కూర్పు, పూర్వ యాజమాన్యం. ముఖపత్రం, పటాలు, అసలు అట్ట ఉన్న ప్రతికి ఎక్కువ వెల. అంచులు కోసి కొత్తగా బైండు చేయించిన ప్రతికి తక్కువ. సంస్థాన గ్రంథాలయపు ముద్ర, రచయిత సంతకం విలువను పెంచుతాయి. అయితే అవి అసలైనవేనా అన్న పరీక్ష అవసరం. తెలుగు పుస్తకాలకు ఆంగ్ల పుస్తకాలకున్నంత స్థిరమైన వేలం బజారు లేదు. అందువల్ల ఒకే పుస్తకం వెల కొనేవారిని బట్టి చాలా మారుతుంది.

సంరక్షణ

ఈ ప్రాంతంలో కాగితానికి ప్రధాన శత్రువులు సముద్రపు గాలిలోని తేమ, చెదలు, పుస్తకాల పురుగు, తుపాన్లు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం జిల్లానూ, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ శ్రీకాకుళం జిల్లానూ దెబ్బతీశాయి. అలమరను గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా ఉంచడం, పుస్తకాల వెనక గాలి ఆడనివ్వడం, ఏటా రెండుసార్లు దులిపి చూడడం ప్రాథమిక జాగ్రత్తలు.

వేపాకు, వసకొమ్ము, కలరా ఉండలు ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. కలరా ఉండల ఆవిరి ఆరోగ్యానికి హానికరం కనుక గ్రంథాలయ నిపుణులు వాటిని సిఫారసు చేయరు. న్యూస్‌ప్రింట్ కాగితంలోని ఆమ్లం దాన్ని పసుపుగా, తర్వాత గోధుమ రంగుగా మార్చి విరిచేస్తుంది. గుడ్డపీలికలతో చేసిన 19వ శతాబ్ది తొలినాళ్ల కాగితం తరచు 1940ల నాటి న్యూస్‌ప్రింట్ కన్నా గట్టిగా ఉండడానికి కారణం ఇదే. చిరుగులకు సెల్లో టేపు అంటించకూడదు, లామినేషన్ చేయించకూడదు. పలుచని పొడవు పీచు కాగితం, తడిపితే ఊడివచ్చే మైదా లేదా గంజి జిగురు మేలు.

చట్టపరమైన అంశాలు

1867 చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాల ప్రతులను ప్రభుత్వానికి అందించాల్సి వచ్చేది. వాటి ఆధారంగా మూడు నెలలకోసారి పట్టికలు వెలువడేవి. వాటిలో పుటల సంఖ్య, ముద్రించిన ప్రతుల సంఖ్య, వెల కూడా ఉండడంతో ఒక్క ప్రతి మిగలని పుస్తకం ఉనికిని కూడా నిర్ధారించవచ్చు. పత్రికల విషయంలో ఈ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది.

1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులకు, పత్రాలకు వర్తిస్తుంది. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడం నిషిద్ధం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. ప్రతి చేతిలో ఉన్నంత మాత్రాన తిరిగి అచ్చు వేసే హక్కు సేకర్తకు రాదు.

సంస్థలు, డిజిటలీకరణ

కథానిలయంతో పాటు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలు, విజయనగరంలో గురజాడ స్మారకంగా ఉన్న ఆయన ఇల్లు పరిశోధకులు ఆశ్రయించే చోట్లు. 2012లో గురజాడ 150వ జయంతి సందర్భంగా మనసు ఫౌండేషన్ ఆయన లభ్య రచనలన్నిటినీ 'గురుజాడలు' పేరుతో ఒక్కచోట చేర్చింది. కథానిలయం తన పట్టికను, స్కాన్ చేసిన కథలను అంతర్జాలంలో అందుబాటులో ఉంచింది.

డిజిటల్ ప్రతి పాఠాన్ని కాపాడుతుంది, చదువరి శ్రీకాకుళం దాకా రానక్కరలేకుండా చేస్తుంది. కాగితం నాణ్యత, కుట్టు, అచ్చు ఒత్తిడి, అంచుల్లోని రాతలు దానిలో పూర్తిగా నిలవవు. కొన్ని స్కాన్లలో ప్రకటనల పుటలు, అట్టలు వదిలేయడంతో కాల నిర్ణయానికి పనికివచ్చే ఆధారాలే పోయాయి. అందుచేత స్కాన్ తర్వాత కూడా మూలప్రతిని ఉంచుకోవడం ప్రమాణంగా పాటిస్తారు.

ప్రాముఖ్యం, పరిమితులు

ఈ సేకరణలు సాహిత్య చరిత్రకు పాఠాంతరాలను, భాషా చరిత్రకు వాడుక రూపాలను, సామాజిక చరిత్రకు ధరలు, పేర్లు, పండుగల వివరాలను అందిస్తాయి. వాటికి పరిమితులూ ఉన్నాయి. దాచుకునే అలమర, చదువు ఉన్న ఇళ్ల కాగితాలే ఎక్కువ మిగిలాయి. మత్స్యకార గ్రామాలు, గిరిజన ప్రాంతాలు, వలస కూలీల కుటుంబాలకు చెందిన ముద్రణలు సేకరణల్లో తక్కువ. వ్యక్తిగత సేకరణల కొనసాగింపు వారసుల ఆసక్తిపై ఆధారపడుతుంది. సంస్థాగత సేకరణలకు నిర్వహణ వ్యయం నిరంతర సమస్య.

విజయనగరం మహారాజు పోషించిన ఋగ్వేద సంపుటాలు ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాల్లో నేటికీ దొరుకుతాయి. అదే దశకంలో అదే పట్టణంలో నాటక ప్రదర్శనలకు పంచిన కరపత్రాల కోసం వెతకాల్సి వస్తోంది. ఈ ప్రాంతపు సేకర్తలు ఖరీదైన గ్రంథాలతో సమానంగా జాబ్ వర్క్ కాగితాన్నీ, వారపత్రికనూ లెక్కలోకి తీసుకోవడానికి ఈ వ్యత్యాసమే కారణం.